చదివి వినిపించితిని

పర్లాకిమిడి కోర్టు ఎదర
నా జెరాక్సు కొట్టులో, కరెంటు పోయిన మధ్యాహ్నం,
దమయంతి ఒక కవరు బల్ల మీద పెట్టింది.
ఇంగ్లీషు ఉత్తరం. మడత పడకుండా
తువ్వాల్లో చుట్టి తెచ్చింది, కోడిగుడ్లు తెచ్చినట్టు.

"ఏటి రాసినారో సెప్పు."

చెప్పాను.
దండాసికి చక్కెర జబ్బు ఉందట,
ఫారంలో లేదని రాశాడట,
దాచాడు కాబట్టి డబ్బు రాదట.
సాక్ష్యం, పాతపట్నం మందుల కొట్టు చీటీ.
రాష్ట్రం దాటి వెతికారు, పాపం, ఎంత శ్రమ.

ఆమె కాసేపు ఊరుకుంది.
"ఆయన పోనది పిడుగు పడి గదా.
పిడుగు సూసిందా సుగరుందో నేదో?"

కొమ్ముతో కొంగలు చేసేవాడు దండాసి.
గేదె కొమ్ముని సెగ మీద వెచ్చబెట్టి
విరక్కుండా మెడ వంచేవాడు.
ఆషాఢంలో ఒక సాయంత్రం, పొలం గట్టు మీద
సైకిలు పట్టుకుని నడుస్తున్నాడు. అంతే.
క్యారియరుకు కట్టిన కొంగలు ఏడూ బాగానే ఉన్నాయి.

దారులు చెప్పాను. నా గొంతు నాకే
ఆఫీసు గొంతులా వినబడింది.
ముందు కంపెనీకే ఫిర్యాదు, రిజిస్టర్డు పోస్టులో,
రసీదు పారేయకు, నెల్లాళ్లు చూడాలి.
అప్పటికీ కాదంటే భువనేశ్వరంలో అంబుడ్స్‌మన్,
ఏడాది లోపల వెళ్లాలి, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.
అదీ కాకపోతే ఇక్కడే జిల్లా వినియోగదారుల కమిషను,
దానికి రెండేళ్లు గడువు.
మూడేళ్లు నిండిన పాలసీని ఇక వేలెత్తి చూపకూడదని చట్టం.
దండాసిది రెండేళ్ల ఎనిమిది నెలలు.

"నాలుగు నెల్లు ఆగనేదు," అంది దమయంతి.
పిడుగునో, మొగుణ్ణో.

తరవాత కవరులోంచి ఫారం కాపీ తీశాను.
మూడో పేజీ. పదకొండో ప్రశ్న. మధుమేహం కలదా?
లేదు గడిలో టిక్కు.
ఆ టిక్కు తోక చివర కొద్దిగా ఎడమకి తిరిగి ఉంది.
నా టిక్కులన్నీ అలాగే తిరుగుతాయి.

ఏజెంటు పాణిగ్రాహి బాబు
ఫారానికి ఇరవై రూపాయలిచ్చేవాడు.
ఆ రోజు పధ్నాలుగు రాశాను.
ఈ స్టూలు మీదే కూర్చున్నాడు దండాసి,
గోళ్ల సందుల్లో కొమ్ము పొడి,
ఏదడిగినా చెప్పడానికి నోరు సగం తెరిచి.
నేనడిగింది పుట్టిన తేదీ ఒక్కటే.
మిగతా గడులన్నీ లేదు, లేదు, లేదు,
కళ్లంలో ఎద్దులా తొక్కుకుంటూ పోయాను.
అడుగున అతని సంతకం, తెలుగులో, కూడబలుక్కున్న అక్షరాలు.
దాని కింద నాది:
పై ప్రశ్నలు ప్రతిపాదకునికి తెలిసిన భాషలో
చదివి వినిపించితిని.

"నువ్వడిగినావా ఆయన్ని?" అని
దమయంతి అనలేదు. టిక్కు తోకల సంగతి ఆమెకేం తెలుసు.
అని ఉంటే బాగుండేది.

దాచలేదు మహాప్రభో అని అర్జీ రాసి
యాభై తీసుకుని పంపేయొచ్చు.
ఈ కొట్టు పాణిగ్రాహి బాబు బామ్మర్దిది,
అద్దె రెండు నెలలు బాకీ.

కరెంటొచ్చింది. మిషను తనంతట తనే
ఒకసారి వెలిగి ఖాళీ కాగితం ఒకటి కక్కింది.
దాన్నే తీసుకున్నాను.

"లింగాల ఖగేశ్వరరావు, వయసు నలభై ఆరు,
ప్రమాణము చేసి చెప్పునదేమనగా,
సదరు దండాసి మహారాణాకు పదకొండో ప్రశ్నను
నేను చదివి వినిపించ"

అక్కడ కలం ఆగింది.
లేదు.
ఎన్ని వందల గడుల్లో పెట్టి ఉంటానో ఆ మాటని,
బరువుంటుందని ఇవాళ తెలిసింది.

"ఏటి రాసినావో సదువు."

చదివాను, ఒక్క ముక్క వదలకుండా.
ఆమె తువ్వాలు మడతపెట్టింది, విప్పింది,
మళ్లీ మడతపెట్టింది.
నా వైపు చూడకుండా, "ఎన్ని కాపీలు కావాల?" అంది.